ముఠాదారు గొడ్డలి దింపిన చోటు

మంగరాజుని సరియాపుట్టులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ముఠాదారు అంటారు. ఎదురుగా ఉంటే దొరా అంటారు. ఆయనకి ముఠా లేదు, దొరతనం లేదు. ఒక పెంకుటిల్లు, రెండు గేదెలు, కొంచెం రాగి చేను, కల్లు గీసే జీలుగు చెట్లు ఉన్నాయి. చెక్క పిడికి వెండి కట్టు ఉన్న పాత గొడ్డలి ఒకటి ఉంది. నేను డిగ్రీ మధ్యలో పారేసి కాఫీ నర్సరీలో పని దొరికితే ఆ ఊరు వెళ్ళాను. ఆ రెండేళ్ళూ ఆయన ఇంటి అరుగు మీదే గడిపాను.

ముఠా అంటే మైదానం వాళ్ళకి దొంగల ముఠా. మన్యంలో ఆ అర్థం చెబితే తంతారు. కొన్ని ఊళ్ళ గుంపు ముఠా, దాన్ని ఏలేవాడు ముఠాదారు. కొండ కింద రాజ్యం చేసే జమీందారుకి కొండ ఎక్కే ఓపిక ఉండేది కాదు. ఎక్కినా ఇక్కడి జ్వరానికి నిలిచేవాడు కాదు. అందుకని ఒక్కో కనుమ దగ్గర ఒక్కో మనిషిని పట్టుకుని, "నువ్వే దొరవి. ఏటా నాకు కట్టుబడి కట్టు. దారి కాయి. నా మనుషులొస్తే మూటలు మోయించు. మిగతాది నీ ఇష్టం" అనేవాడు. తర్వాత ఇంగ్లీషువాడొచ్చి అదే మాట సనదు పత్రం మీద రాసిచ్చాడు. ముఠాదారు అన్న మాట పుట్టకముందు ఇలాంటి వాళ్ళని మన్నె దొరలు అనేవారు. పేరు మారింది గానీ మనిషి కూర్చున్న చోటు మారలేదు. కింద ఒక రాజు, అవతల ఇంకో రాజు, మధ్యలో ఇద్దరికీ పూర్తిగా చిక్కని కొండ, ఆ కొండ మీద ఇతను. పై వాడికి కావలివాడు, కింది వాడికి రాజు.

ఆ "మిగతాది నీ ఇష్టం" దగ్గరే అసలు అన్యాయం జరిగింది. ఆ సంగతి పుస్తకం చదివి చెప్పడం లేదు, మంగరాజే చెప్పాడు.

"మా తాత మంచోడు కాడురా గుంటడా. ఎవడి పెట్ట గుడ్డు పెట్టినా మా ఇంటికే రావాల. ఎవడి దుంపలు తవ్వినా ముందు మాకే. మూటలు మొయ్యనన్నోడిని సింతచెట్టుకి కట్టించినాడు. జనం దణ్ణం ఎట్టేవోరు, అటు తిరిగి ఉమ్మేవోరు."

"మరి నీకెందుకు మావా ఇప్పటికీ దణ్ణం పెడతారు?"

"నాను ఎవడి గుడ్డూ తిననుగా" అని నవ్వాడు. ఆయన ముందరి పళ్ళు రెండు ఎప్పుడో పోయాయి.

అరవై తొమ్మిదిలో ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చి ముఠాలన్నీ రద్దు చేసింది. మంచి పనే చేసింది. అప్పటికి మంగరాజు కొత్తగా పెళ్ళయిన కుర్రాడు. తండ్రి చేతిలోంచి కట్టుబడి పోయింది, వెట్టి పోయింది, తీర్పులు పోయాయి. కొడుకు చేతికి గొడ్డలి మిగిలింది. గొడ్డలితో పాటు ముఠాదారు పనుల్లో ఎవరూ రద్దు చేయనివి రెండు మిగిలాయి. వానలు వెలిశాక కొండదారి బాగు చేయాలి. ముఠాలోకి వచ్చిన మనిషి ఎవడైనా సరే, పొలిమేర దాటి అవతలి ముఠా వాళ్ళ చేతికి క్షేమంగా అప్పగించేదాకా పూచీ పడాలి. ఈ రెండూ చేస్తే వచ్చేదేమీ లేదు. అందుకే ఎవరూ అడ్డురాలేదు.

ఇక్కడ అప్పగింతకి ఒక పద్ధతి ఉంది. ముఠాదారు తన పొలిమేర దగ్గర ఆగి, గొడ్డలి నేల మీద దింపి, పిడి అవతలి వైపు తిప్పి, "నా మనిషి, తీసుకో" అంటాడు. అవతలి వాడు గొడ్డలి ఎత్తి తిరిగి ఇచ్చాడంటే మనిషిని తీసుకున్నట్టు. రోగిని డోలీలో మోసుకుపోయినా అంతే. ఇవతలి వాళ్ళ భుజాలు పొలిమేర దాకా, అక్కణ్ణించి అవతలి వాళ్ళ భుజాలు. ఈ పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. గొడ్డలి దిగిన చోటే పొలిమేర. దింపినవాడు బతికున్నంత కాలం ఆ గట్టు కాదనడానికి వీల్లేదు.

ఇప్పుడు పొలిమేర గొడవ చెప్పాలి. సరియాపుట్టు నుంచి సీలేరు రోడ్డుకి వెళ్ళాలంటే ముందు జోడుబండలు వస్తాయి. ఒకదాని మీద ఒకటి వాలిన రెండు పెద్ద రాళ్ళు. అవి దాటితే దిగుడు వాలు, వాలు కింద వాగు, వాగు దాటితే బోడగరువు. బోడగరువు పక్క ముఠా. అక్కడి పాత ముఠాదారు మనవడు బుధు, మంగరాజుకి వరసకి బావ. పూర్వం నుంచీ వాగే పొలిమేర. పొలిమేర దాటే ప్రతి మనిషీ పచ్చి కొమ్మ విరిచి అక్కడి దేవతకి వేస్తాడు. వాగు ఒడ్డున ఆ కొమ్మల కుప్ప మనిషెత్తు ఉండేదట.

ఒక వానాకాలం కొండచరియ విరిగి పాత దారి కొట్టుకుపోయింది. దారి తెరవడం ముఠాదారు పని. మంగరాజు మనుషుల్ని పెట్టుకుని జోడుబండల పక్కనుంచి కొత్త దారి కొట్టాడు. వాగు పొంగి ఉంది. ఒడ్డుకి వెళ్ళే వీల్లేదు. పని ముగిసిన రోజు కొమ్మ వెయ్యకుండా వెనక్కి రాకూడదు కదా అని, జోడుబండల మొదట్లో ఒక కొమ్మ విరిచి వేశాడు. వెనకున్నవాళ్ళూ అక్కడే వేశారు. తర్వాత ఆ దారిన పోయిన ప్రతివాడూ అక్కడే వేశాడు. వాగు దగ్గరి కుప్ప వరదకి ఎప్పుడో పోయింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. బోడగరువులో పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళకి తెలిసిన కొమ్మల కుప్ప జోడుబండల దగ్గరుంది.

ఈలోగా ఆ వాలు మీద మంగరాజు కాఫీ వేశాడు. సిల్వర్ ఓక్ చెట్లు నీడకి, వాటి మీద మిరియం తీగలు. తీగలు ఒక్కొక్కటీ సోములమ్మ, అంటే మంగరాజు పెళ్ళాం, తన చేత్తో నాటింది. నీళ్ళు వాగు నుంచి ఎండు ఆనపబుర్రల్లో మోసింది. తొంభై ఏడులో మొదటిసారి కాపు నిండుగా వచ్చింది. కాపు వచ్చాకే బుధుకి పొలిమేర గుర్తొచ్చింది.

"కుప్ప ఎక్కడుందో గట్టు అక్కడే బావా" అన్నాడు బుధు. "మొదటి కొమ్మ ఏసింది నువ్వే. నాను కాదు కదా."

"వాగు పొంగి ఏసినాను!"

"వాగు ఎండిపోనాక తీసి అక్కడ ఎట్టలేదేటి మరి?"

ఉన్నమాట చెప్పాలంటే ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. దారి బాగు చేసినవాడే తన గట్టు తనే జరుపుకున్నాడు. మాటా మాటా పెరిగింది. బోడగరువు వాళ్ళు జోడుబండల దగ్గర దారికి అడ్డంగా ముళ్ళకంప కొట్టారు. జనం పక్కనుంచి వంగి దూరి పోయేవారు. గొడ్డలి పట్టుకుని మంగరాజు మాత్రం అటు పోలేదు. పోతే కంప తియ్యాలి, తీస్తే తలలు పగులుతాయి. ఆయనా సోములమ్మా చుట్టుదారిన వాగు వైపు నుంచి తోటలోకి వెళ్ళి పని చేసుకుని వచ్చేవారు. ఆ చుట్టుదారికి పొద్దంతా పడుతుంది.

తొంభై తొమ్మిది వానాకాలం. జ్వరాల ఏడు అది. సరియాపుట్టులో ఇంటికొకరు పడుకున్నారు. అప్పుడు బట్టల సత్యనారాయణ మూట వేసుకుని ఊళ్ళోకి దిగాడు. నర్సీపట్నం మనిషి. ఏటా వస్తాడు. గుడ్డ మూరతో కొలుస్తాడు. ఆ మూర అమ్మేటప్పుడు కుదించుకుపోతుందని సోములమ్మ బతుకంతా తిట్టింది. ఈసారి మూట విప్పకముందే ఒళ్ళు కాలిపోయింది. మంగరాజు ఇంట్లో పడుకోబెట్టారు. మర్నాటికి మాట తడబడింది. ఎవరినో పెళ్ళాం అనుకుని కూర బాగోలేదని తిట్టాడు. ఆ మర్నాడు కళ్ళు పైకి తేలాయి. వణుకు మొదలైంది. నర్సరీలో ఉన్న మాత్రలు వేశాం. పనిచేయలేదు.

"చింతపల్లి ఆసుపత్రికి చేర్చాలి" అన్నాను. "లేకపోతే పోతాడు."

"డోలీ కట్టండి" అన్నాడు మంగరాజు.

సోములమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఏ దారిన?"

ఆయన చూరు కిందనుంచి డోలీకి వాసం లాగాడు.

"సుట్టుదారిన ఎల్తే పొద్దుగూకుతాది. ఆడు అంతసేపు ఉంటాడేటి? ఉండడు. జోడుబండల దారిన ఎల్తే బుధు ఏటంటాడో నీకు తెల్దా? గొడ్డలి అక్కడ దింపమంటాడు."

"తెలుసు."

"దింపితే నా తోటేటవుద్ది?"

"ఆడు మన ముఠాలోకి వొచ్చినాడే."

"ముఠా! ఏదీ, సూపించు! ఎక్కడుంది నీ ముఠా? మూర తగ్గించి గుడ్డ అమ్మినోడికి నా మిరియం తీగలు కట్టబెడతావేటి దొరా?"

బయట డోలీ కడుతున్న వాళ్ళ చేతులు ఆగాయి. ఊళ్ళో జ్వరం లేని మగవాళ్ళు ముగ్గురే దొరికారు. ధర్మ, అతని తమ్ముడు, పక్కింటి కుర్రాడొకడు. నాలుగో భుజం నాది. ధర్మ మెల్లగా నాతో అన్నాడు: "సోములమ్మ అన్నదాన్లో తప్పేటుంది సార్? కొండ కింది పల్లపోడి కోసం తోట వొదులుకుంటారేటి ఎవరైనా?"

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. మంగరాజు గోడకున్న గొడ్డలి తీసి భుజాన వేసుకున్నాడు. "ఎత్తండి" అన్నాడు. అంతే.

వాన సన్నగా పడుతోంది. ఎర్రమట్టి కాళ్ళ కింద సబ్బులా జారుతోంది. డోలీలో సత్యనారాయణ బరువు పెరుగుతున్నట్టే ఉంది. మంగరాజు ముందు నడుస్తూ కొమ్మలు నరికి దారి ఇస్తున్నాడు. మధ్య మధ్య ఆగి, చేతులు నోటికి అడ్డం పెట్టి కూత వేస్తున్నాడు. అవతలి కొండకి కబురు అలాగే పోతుంది. వెనక్కి తిరిగి చూస్తే సోములమ్మ కూడా వస్తోంది. కొంగు తల మీద వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా.

మేం వెళ్ళేసరికి జోడుబండల దగ్గర బుధు నిలబడి ఉన్నాడు. వెనక బోడగరువు కుర్రాళ్ళు పది మంది దాకా, గట్టి భుజాల వాళ్ళు. వాళ్ళకీ మాకూ మధ్య ముళ్ళకంప. కంప పక్కనే కొమ్మల కుప్ప, పైన పచ్చిగా, అడుగున నల్లగా కుళ్ళి. కంప మీదుగా కాఫీ తోట కనిపిస్తోంది. కాయలు ఇంకా పచ్చివే, గుత్తులు గుత్తులుగా.

"ఎవరు బావా?" అన్నాడు బుధు.

"బట్టల సత్తెనారాయణ. తలకెక్కింది జరం. రోడ్డు దాకా మీరు మొయ్యాల. మా ఓళ్ళు సాలరు."

బుధు కంప మీదుగా వంగి డోలీలోకి చూశాడు. ముఖం మారింది. "అమ్మో" అన్నాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. "మోత్తాం. ఎందుకు మొయ్యం? నానూ ముఠాదారు మనవణ్ణే. గొడ్డలి దింపు."

"వాగు కాడ దింపుతాను. కంప తీయి."

"వాగు కాడ దింపితే వాగు కాణ్ణించే మా పూచీ. ఈ వాలు నీదంటన్నావు కాబట్టి నువ్వే మొయ్యి. కంప మాత్రం తియ్యను. తీత్తే ఒప్పుకున్నట్టే కదా నాను?"

"బుధూ, మనిషి సచ్చిపోతన్నాడు!"

"నాను సంపుతన్నానేటి? ఒక్క మాట బావా. నీ సేతిలోదే."

బుధుని అక్కడే కొట్టాలనిపించింది నాకు. కానీ అతను కుట్ర చేస్తున్నవాడిలా లేడు. మాట్లాడుతూనే డోలీ వైపే చూస్తున్నాడు. అతనికీ ఇది ఆస్తి గొడవ ఒక్కటే కాదు. ఇక్కడ మెత్తబడితే ఊళ్ళో వాళ్ళ దగ్గర అతనికి కొమ్మల కుప్ప తప్పని ఒప్పుకున్నట్టు. ఇద్దరు రద్దయిన దొరలు, మధ్యలో చస్తున్న ఒక బట్టల వ్యాపారి. డోలీలోంచి పళ్ళు పటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మంగరాజు వెనక్కి తిరిగి సోములమ్మని చూశాడు. తోట వైపు చూడలేదు.

"నా ముకంలో ఏటుంది సూడ్డానికి?" అంది సోములమ్మ. "దింపుతావని నాకు ఇంట్లోనే తెల్సు. బేగి దింపు. తడుస్తున్నాడు ఆడు."

మంగరాజు నాలుగడుగులు ముందుకేశాడు. కొమ్మల కుప్ప పక్కన వంగి గొడ్డలి నేల మీద పెట్టాడు. పిడి బుధు వైపు తిప్పాడు. ఒక పని సరిగా చేసేవాడు ఎలా చేస్తాడో అలా చేశాడు. విసిరెయ్యలేదు, తల దించలేదు, గొంతు తగ్గించలేదు.

"నా మనిషి. తీసుకో."

బుధు గొడ్డలినీ మంగరాజునీ మార్చి మార్చి చూశాడు. అతను అడిగాడు గానీ ఇస్తాడనుకోలేదేమో. తర్వాత ఒక్కసారిగా "కంప లాగండ్రా!" అని అరిచాడు. కుర్రాళ్ళు ఉత్త చేతులతో ముళ్ళకంప పట్టుకుని లాగి వాలులోకి తోశారు. బుధు వంగి గొడ్డలి ఎత్తి, రెండు చేతులా మంగరాజుకి ఇచ్చాడు. "తీసుకున్నాను బావా" అన్నాడు. మా భుజాల మీంచి వాసం వాళ్ళ భుజాల మీదకి మారింది. వాళ్ళు పరుగు అందుకున్నారు. కాఫీ చెట్ల మధ్య నుంచి ఆ డోలీ ఎంత వేగంగా దిగిపోయిందో చెప్పలేను. బుధు కూడా వెనకే పరుగెత్తాడు, ఆ వయసులో, పంచె ఎగ్గట్టుకుని, "మెల్లగా, తల జాగర్త" అని అరుస్తూ. అతని చేతిలోకి వచ్చాక అది అతని మనిషి.

తిరిగొచ్చేటప్పుడు నేను ఆగలేకపోయాను. "మావా, నీకు పిచ్చి గానీ పట్టిందా? అన్నీ తీసేశాక ఈ ముఠాదారు వేషం ఎందుకు నీకు?"

ఆయన గొడ్డలి భుజం మార్చుకుని అన్నాడు: "గవర్నమెంటోళ్ళు అన్నీ తీసుకున్నారురా. ఇదొక్కటీ అడగడం మర్సిపోనారు."

ఇల్లు చేరాక ఊళ్ళోవాళ్ళని పిలిచి ఒక మాట చెప్పాడు. తోట సంగతి సత్యనారాయణకి ఎవరూ చెప్పకూడదు. "మనిషి మీద బరువు ఎట్టకూడదు. ఆడు మళ్ళీ మన దారిన రావాల." సోములమ్మ ఆయనతో కోతలు దాటినా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కల్లు పోసేది, మాట మాత్రం లేదు. కావలసిందంతా గేదెతో చెప్పేది. "అడగవే ఆ దొరని, ఉప్పు సరిపోయిందో నేదో." ఆయన కూడా గేదెకే జవాబు చెప్పేవాడు.

ఆ చలికాలం కాఫీ కాయలు ఎర్రబడ్డాయి. బుధు వాళ్ళు కోసుకున్నారు. ఆయన గొడవ పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. అయితే ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకు ఇష్టం లేదు. కోత రోజుల్లో ఆయన పొద్దున్నే కల్లుకి కూర్చునేవాడు. ఒకరోజు తాగి అరుగు మీద ఏడ్చాడు. కాఫీ కోసం కాదు, మిరియం తీగల కోసం. "దానివి... దాని సేతులు..." అన్నాడు. లోపల సోములమ్మ గిన్నెలు గట్టిగా పెట్టిన చప్పుడైంది. మర్నాడు ఇంటి వెనక బండల్లో కొత్త మిరియం తీగలు నాటి ఉన్నాయి. ఎవరు నాటారో నేను అడగలేదు. ఆయన గోళ్ళలో మట్టి ఉంది.

మరుసటి ఏడు చలికాలంలో సత్యనారాయణ వచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ మూట అంతే ఉంది. బోడగరువు వాళ్ళు రోడ్డు దాకా మోసి, జీపు ఆపారనీ, బుధు స్వయంగా ఆసుపత్రి దాకా వెళ్ళి కూర్చున్నాడనీ అతని నోటే విన్నాం. మంగరాజుకి ఎర్రంచు తలపాగా గుడ్డ తెచ్చాడు. ఆయన కట్టుకుని అద్దం అడిగాడు. సోములమ్మకి సత్యనారాయణ చీర చూపించాడు.

"మూరెయ్యి" అంది సోములమ్మ.

"చీరకి మూరేంటమ్మా!"

"ఏసి సూపించు. జరంలో సెయ్యి ఇంకా కుదించుకుపోనాదేమో."

బేరం పొద్దెక్కేదాకా నడిచింది. ఆవిడ ఒక్క మెట్టు దిగలేదు. చివరికి సత్యనారాయణ మూట కట్టుకుంటూ, "ఇంత గట్టి ఊరు మన్యంలో ఇంకోటి లేదు. ఒక్క రూపాయి వదలరు కదా!" అని విసుక్కున్నాడు. మంగరాజు అందుకుని నవ్వడం మొదలెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. సోములమ్మ ఆయన వీపు మీద ఒకటి చరిచి, "నవ్వింది సాలు, నీళ్ళు తాగు" అంది. గేదెతో కాదు, ఆయనతోనే.

తర్వాత మంగరాజు గొడ్డలి తీసుకుని సత్యనారాయణతో బయలుదేరాడు. నేనూ వెళ్ళాను. జోడుబండల దగ్గర ఆగాం. కంప లేదు. అవతల వాలంతా ఎర్రటి కాయలు. బోడగరువు ఆడవాళ్ళు బుట్టలు కట్టుకుని కోస్తున్నారు.

"బాగా కాసిందే!" అన్నాడు సత్యనారాయణ. "ఎవరిది ఈ తోట?"

"బుధుది" అన్నాడు మంగరాజు.

అని కొమ్మ ఒకటి విరిచి కుప్ప మీద వేశాడు. ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. గొడ్డలి దింపి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కూత వేశాడు.

"బావా! నా మనిషొస్తన్నాడు!"

చెట్ల మధ్యలోంచి బుధు గొంతు వచ్చింది. "వొస్తన్నా బావా, గొడ్డలి అక్కడే ఉంచు!"